నిన్న చెప్పిన చేప పేరు

తమారాకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కనబడిన ప్రతి వస్తువునూ వేలితో చూపించి "ఇదేటి?" అనడం. నిన్న అడిగినదాన్నే ఇవాళా అడగడం. ఇవాళ అడిగినదాన్ని రేపటికి దాచుకోవడం.

ఎనభై రెండులో తెలుగు చదువుకోవడానికి లెనిన్‌గ్రాడ్ నుంచి విశాఖపట్నం వచ్చి, యూనివర్సిటీకి దగ్గరలో రత్నమణి వాళ్ల మేడగదిలో దిగింది. ఏడాదిపాటు తెలుగు తప్ప మరో మాట నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. స్టీలు ప్లాంటు పనిమీద వచ్చిన రష్యా ఇంజనీరొకాయన, పూర్ణా మార్కెట్లో తమ దేశపు పిల్ల కనబడిందని సంబరంగా పలకరిస్తే, "క్షమించండి బాబూ, నాకు తెలుగే వచ్చు" అని వంకాయలు ఏరుకుందట.

వచ్చిన కొత్తలో పుస్తకాల తెలుగే. "అయ్యా, విశ్వవిద్యాలయమునకు ఎంత పుచ్చుకొందువు?" అంటే రిక్షా అతను హరికథ చెప్పే అమ్మేమోనని దిగి దండం పెట్టాడు. తరవాత జాలరిపేట నుంచి చేపలు తెచ్చే సీతాలు గురువుగా దొరికింది.

"ఇదేటి?"

"వంజరం."

మర్నాడు అదే మెట్టు, అదే గంప.

"ఇదేటి?"

"నిన్న సెప్పినాను. మొన్న సెప్పినాను. ఈపాటికి ఆ సేపకైనా తెలిసుంటాది తల్లీ, దాని పేరేటో."

"మళ్లీ సెప్పు పిన్నీ."

వీధంతా నవ్వేది. రత్నమణికి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆమె కూతురు ఫ్లోరెన్స్‌కు మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. కెమిస్ట్రీలో బీయస్సీ చేసిన రత్నమణి, ల్యాబ్ రికార్డు రాసినట్టు క్యాలెండరు గడిలో రోజూ రాసేది: 'మాట లేదు.' "అమ్మ అను, అమ్మ అను" అని పొద్దున్నించీ పిల్ల వెంట తిరిగేది. ఫ్లోరెన్స్ పెదాలు బిగించుకుని వెళ్లి తమారా ఒళ్లో కూర్చునేది.

"ఆ అమ్మాయికే ఏదీ గుర్తుండదు. ఆమె దగ్గరుంటే మన పిల్లకేం మాటలొస్తాయి?" అంది భర్తతో.

"పాపం, పరాయి దేశం పిల్ల" అన్నాడు సుందర్ రాజ్, పోర్టు డ్యూటీకి బయల్దేరుతూ.

"అయితే అయింది. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంటాను."

ఆ మాట చెప్పడానికే ఆదివారం చర్చి నుంచి రాగానే మెట్ల దగ్గరికి వెళ్లింది. సీతాలు కత్తిపీట ముందేసుకుని చేప కోస్తోంది.

"ఇదేటి?" అంది తమారా.

సీతాలు వినీ విననట్టు చేప తోక కోసి పక్కన పడేసింది.

"పిన్నీ, ఇదేటి?"

తమారా ఒళ్లో ఉన్న ఫ్లోరెన్స్ పెద్ద నిట్టూర్పు విడిచింది.

"వంజరం. నీకెన్నిపాల్లు సెప్పాలి తల్లీ?"

కత్తిపీట మీద సీతాలు చెయ్యి ఆగిపోయింది. "అమ్మగారూ, నాను కాదు" అంది.

"వంజరం" అని బుద్ధిగా అప్పజెప్పింది తమారా, ఫ్లోరెన్స్‌కి.

మధ్యాహ్నం రత్నమణి గిన్నెడు చేపల పులుసు పట్టుకుని మేడ మీదికి వెళ్లింది. బల్ల మీద తమారా నోటుబుక్కు తెరిచి ఉంది. గుండ్రటి అక్షరాల్లో వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్లు. దేన్ని పులుసు పెట్టాలో, దేన్ని వేపుడు చెయ్యాలో కూడా. పైన తేదీ అక్టోబరు నాలుగు. ఇప్పుడు ఫిబ్రవరి.

"నీకు ఇవన్నీ ఎప్పుడో వచ్చేశాయా?"

తమారా దొరికిపోయిన దొంగలా నవ్వింది.

"మా సెల్లి నాలుగేళ్లకి గానీ మాటాడలేదక్కా. అందరూ దానికి సెప్పీవోళ్లే. దాన్ని అడిగీవోళ్లు లేరు."

రత్నమణి గది సంగతి ఎత్తలేదు. కిందికి వచ్చి క్యాలెండరు ముందు పెన్సిలు పట్టుకుని నిలబడింది. ఏమనుకుందో, పెన్సిలు పక్కన పెట్టి వంటింట్లోంచి గరిటె తెచ్చి, ఫ్లోరెన్స్ ముందు చతికిలబడింది.

"ఇదేటి?"

పిల్ల గరిటెను చూసింది. మేడగది వైపు చూసింది. బీయస్సీ చదివిన తల్లిని జాలిగా చూసింది.

"నీకూ తెల్దేటి?"