పెళ్ళికి నాలుగేళ్ళ ముందటి మధ్యాహ్నం

లక్ష్మన్నకు కోపం వచ్చిందంటే మా స్టేషన్‌లో ఎవరూ నమ్మరు. ధర్మవరం జంక్షన్‌లో మేమిద్దరం పదకొండేళ్ళు కలిసి పాయింట్స్‌మన్‌లుగా పనిచేశాం. వచ్చే బండి ఏ లైనులోకి పోవాలో ఆ లైనుకు పట్టాలు కలపడం, పెట్టెలు తగిలించడం, విడదీయడం మా పని. పైవాళ్ళు కసురుకున్నా, ఎండలో రెండు డ్యూటీలు ఒకదాని వెంట ఒకటి పడినా నవ్వుతూనే ఉండేవాడు. అట్లాంటి మనిషిని 2003లో అసూయ పట్టుకుంది. పట్టుకుని మూడేళ్ళు వదల్లేదు. అదీ అప్పటిదాకా తన కళ్ళతో చూడని ఒక మనిషి మీద, తన పెళ్ళికి నాలుగేళ్ళ ముందే అయిపోయిన ఒక మధ్యాహ్నం మీద.

అతనిది ఆమడగూరు దగ్గర పల్లె. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే నేల. పదో తరగతి పాసయ్యాక ఎనిమిదేళ్ళు నాయన నరసప్ప వెంట ఆ చేనిలోనే ఉన్నాడు. తర్వాత పరీక్ష రాసి రైల్వేలో చేరాడు. 1997లో హిందూపురం అమ్మాయి ఉషారాణితో పెళ్ళయింది. ఆమె నాయన చింతపండు మండీలో గుమాస్తా. ఆమె టైపు లోయరు, హయ్యరు రెండూ పాసయింది. "నాకంటే ఎక్కువ చదువుకునింది, ఏం చూసి నన్ను చేసుకునిందో" అని లక్ష్మన్న మాతో గొప్పగా చెప్పుకునేవాడు. అప్పటికి ఆ మాటలో గొప్పే ఉంది.

ఒక ఆదివారం ఉషారాణి స్నేహితురాలు నిర్మల, చుట్టాల పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చింది. ఇద్దరూ హిందూపురంలో ఒకే చోట టైపు నేర్చుకున్నారు. చీరలు కొన్నాక నిర్మల వీళ్ళింటికి భోజనానికి వచ్చింది. లక్ష్మన్న డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో బూట్లు విప్పుకుంటున్నాడు. లోపల్నుంచి నవ్వులు. ఆ రెండు గొంతుల్లో ఒకటి తన భార్యదని గుర్తుపట్టడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. ఆరేళ్ళలో ఆమె అంత పెద్దగా నవ్వడం అతను వినలేదు.

"మేడమీద హోటలు గుర్తుండాదా ఉషా? ఎర్ర బల్బులు, పరదాలు. గడ్‌బడ్ ఐస్‌క్రీము ఒగటి చెప్పి నాలుగు స్పూన్లు అడుగుతాంటిమి."

"ఆ సర్వరు మనల్ని చూస్తానే నాలుగు స్పూన్లూ చేతిలో పట్టుకోని వస్తాండె!"

"నీ నల్ల చుడీదారు ఉండెనే, బుట్ట చేతులది! ఆ చేతులకు లోపల గట్టి గుడ్డ పెట్టి కుట్టించుకుంటివి. బస్సులో పక్కనోళ్ళ మొగానికి తగుల్తాండె."

"నీ హైహీల్సు మాత్రం తక్కువనా? మెట్లు దిగాలంటే నా భుజం పట్టుకుంటాంటివి."

లక్ష్మన్న ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా కూర్చున్నాడు.

"అయన్నీ యాడ సరిపోతాయే, బెంగుళూరు ముందర?" అంది నిర్మల. "మా కిశోరన్న పిలుచుకపోయె కదా, ఆ డాన్సు క్లబ్బుకు. పట్టపగలు మూడు గంటలకు లోపలికి పోతే సీకటి! పైన అద్దాల గుండు తిరుగుతాండె. నువ్వయితే అరగంట దాకా గోడకు అతుక్కోని ఉంటివి. మళ్ళ దిగినావు సూడు, ఐదు గంటలకు వాళ్ళు తలుపులు తీసి బయటికి పంపించేదాకా ఆగితివా?"

"కాళ్ళు వాచిపాయ. రైల్లో చెప్పులు చేత పట్టుకోని కూచుంటి."

ఆ సంగతి ఇది. 1993 డిసెంబరులో క్రిస్మస్ గుడ్డలు కొంటామని చెప్పి నలుగురు టైపు పిల్లలు పొద్దున ప్యాసింజరుకు బెంగుళూరు పోయారు. నిర్మల అన్న కిశోర్ అప్పుడు అక్కడ ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నాడు. కాలేజీ పిల్లల కోసం మధ్యాహ్నం పూట తెరిచే డాన్సు క్లబ్బు ఒకటుందని చెప్పి తీసుకుపోయాడు. రాత్రికి అందరూ హిందూపురంలో దిగి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

పోతూ పోతూ నిర్మల ఆనాటి ఫోటో ఒకటి ఉషారాణికి ఇచ్చిపోయింది. ఒక పార్కు గేటు ముందర నలుగురు అమ్మాయిలు, మధ్యలో కిశోర్. మెడ దాకా పెంచిన జుట్టు, మోకాళ్ళ దగ్గర గాలి నింపినట్టున్న బ్యాగీ ప్యాంటు, తెల్ల బూట్లు. అతని ఎడమ పక్కన, జుట్టు సగం వదిలేసి, బుట్ట చేతులతో ఉషారాణి.

లక్ష్మన్న ఆ ఫోటోను మరుసటి రోజు డ్యూటీకి తెచ్చాడు. టీ తాగేటప్పుడు నాకు చూపించాడు.

"ఏమప్పా, డిస్కో అంటే లోపల ఏముంటాది?"

నేనూ ఎన్నడూ పోలేదు. సినిమాల్లో చూసిందే చెప్పాను: రంగు లైట్లు, పొగ, ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడటం. నా తప్పే. ఆ నడుము మాట చెప్పకుండా ఉండాల్సింది. అతని మొహం మాడిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశ్నలు మొదలయ్యాయి. కిశోర్ డాన్సు చేసినాడా? ఎవరితో చేసినాడు? చేయి పట్టుకున్నాడా? మొదట్లో ఉషారాణి నవ్వుతూనే జవాబు చెప్పింది. "అందరం గుంపుగా ఎగిర్నాము, అంతే. ఆ గలాటాలో ఎవురు ఎవురి పక్కనుండ్రో ఎవురికి తెలుసు?" అంది. ఆ జవాబు అతనికి చాలలేదు. "గలాటా" అనేది ఇంకా పెద్ద ప్రశ్న అయి కూర్చుంది.

తర్వాత అతను చేసిన పని చెబితే ఇప్పటికీ మా స్టేషన్‌లో నవ్వుతారు కాబట్టి నేను ఎవరికీ చెప్పలేదు. బ్యాగీ ప్యాంటు కొనడానికి బజారుకు పోయాడు. అప్పటికి ఆ ఫ్యాషను పోయి చాలా ఏళ్ళయింది. "ఇప్పుడెవురు ఏస్తారన్నా?" అని అంగడివాడు నవ్వాడు. లక్ష్మన్న గుడ్డ కొని, ఫోటో చూపించి టైలరుతో కుట్టించుకున్నాడు. తెల్ల బూట్లూ కొన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎండకు నల్లబడిన కాళ్ళు, పొట్ట. ఆదివారం సాయంత్రం ఆ వేషంతో భార్యను ఏసీ హాలున్న కొత్త హోటలుకు తీసుకుపోయాడు. దారిలో ఆటోవాళ్ళు తలలు తిప్పి చూశారట.

హోటల్లో గోబీ మంచూరి చెప్పాడు. గడ్‌బడ్ ఐస్‌క్రీము అడిగితే ఆ పేరే వినలేదన్నాడు సర్వరు. ఉన్నదేదో తెమ్మన్నాడు లక్ష్మన్న. అది వచ్చాక ఆమె మొదటి చెంచా నోట్లో పెట్టుకునేదాకా కూడా ఆగలేదు.

"ఆ పొద్దు తిన్నదానికంటే బాగుండాదా?"

"బాగుండాది."

"నిజం చెప్పు."

"అది వేరే, ఇది వేరే. దీంట్లో పోటీ ఏముండాది?"

లక్ష్మన్న చెంచా కింద పెట్టేశాడు. ఆమె ఒక్కతే తిన్నది. ఆ తర్వాత ఆ ప్యాంటు మళ్ళీ వేయలేదు.

ఆ సాయంత్రం నుంచి ఉషారాణి పాత సంగతులు మాట్లాడటం మానేసింది. నిర్మల ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. ఫోటో అడిగి తీసుకుని ఎక్కడో దాచింది. లక్ష్మన్నకు కావాల్సింది అదే కదా అనుకున్నాను నేను. కాదు. మాట్లాడినంతసేపు ఏమి తలుచుకుంటోందో అతనికి తెలిసేది. ఇప్పుడు ఆమె బియ్యం ఏరుతున్నా, కిటికీ దగ్గర నిలబడినా, లోపల ఆ అద్దాల గుండు తిరుగుతున్నట్టే అతనికి అనిపించేది. "మాట్లాడకపోతే ఇంగా ఎక్కువ తలుచుకుంటాండాదని అర్థం" అనేవాడు నాతో. చెప్పి చూశాను. వినలేదు.

2004 చివర్లో ఒక రోజు మా ఇద్దరికీ సెలవు పడింది. "పెనుకొండకు పోదాం రాప్పా" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. రైలు దిగి ఆటోలో బస్టాండు దాకా పోయాక చెప్పాడు. కిశోర్ అక్కడ ఫోటో స్టూడియో పెట్టుకున్నాడని నిర్మల మాటల్లో ఎప్పుడో విన్నాడట. నేను వెనక్కి లాగాను. "కొట్లాడనులే, ఒగసారి మొగం చూస్తా, అంతే" అన్నాడు.

చిన్న స్టూడియో. ముందర గాజు పెట్టెలో పెళ్ళి ఫోటోలు. లోపల కూర్చున్న మనిషికి ముందు జుట్టంతా పోయింది. మెడలో తువ్వాలు, కాలికి రబ్బరు చెప్పులు. లోపలి గదిలో ముసలామె ఎవరో మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటోంది.

"ఏమన్నా, ఏం కావల్ల?" అన్నాడు కిశోర్.

లక్ష్మన్న గతుక్కుమన్నాడు. "పాస్‌పోర్టు సైజు ఫోటో" అన్నాడు.

అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు కిశోర్. తన దువ్వెన ఇచ్చాడు. సరిగా దువ్వుకోలేదని తానే దువ్వాడు. గడ్డం పట్టుకుని మొహం కొంచెం పైకెత్తాడు. "అంత బిగబట్టొద్దన్నా, దవడ వదులు" అన్నాడు. లక్ష్మన్న దవడ వదల్లేదు.

"నువ్వు బెంగుళూర్లో ఉంటివంట కదా" అన్నాడు స్టూలు మీద నుంచే.

కిశోర్ మొహం వెలిగిపోయింది. "ఎవురు చెప్పిరి? ఉంటిన్నా, రెండేండ్లు. అబ్బ, ఏం దినాలన్నా అయి! హోటళ్ళేంది, డాన్సు క్లబ్బులేంది! ఒగసారి మా చెల్లెలి ఫ్రెండ్స్ అందర్నీ పిలుచుకపోతి. వాళ్ళల్లో శ్రీదేవని ఒగ పాప ఉండె. ఆ పాప డాన్సు చూసి అందరూ పక్కకు జరిగి చప్పట్లు కొట్టిరి. నేను ఇప్పటికీ మరిచిపోలే."

"ఇంగెవురుండ్రి?"

"మా చెల్లెలు. ఇంగిద్దరు. పేర్లు తెలీవన్నా, యానాటి మాట."

"నల్ల చుడీదారు, బుట్ట చేతులు" అన్నాడు లక్ష్మన్న.

కిశోర్ ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. "గుర్తుకు రాలే."

"ఎట్ల గుర్తుకు రాదు? నీ ఎడమ పక్కనే నిలబడింది! ఉషారాణి! రెండు గంటలు ఎగిరి కాళ్ళు వాచినాయి ఆ పిల్లకు!"

లక్ష్మన్న స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. గొంతు బయటి బజారుకు వినిపించేంత పెద్దదైంది. లోపలి ముసలామె, కిశోర్ తల్లి ఎస్తేరమ్మ, బైబిలు మూసి గడప దాకా వచ్చింది. "ఏందప్పా, ఏమైంది?" అంది. నేను లక్ష్మన్న చేయి పట్టుకున్నాను. అన్నేళ్ళలో అతని కోపం నేను చూడటం అదే మొదలు. భార్యను గుర్తుంచుకున్నాడని మండిపడాల్సిన మనిషి, మరిచిపోయాడని మండిపడుతున్నాడు.

"ఏం లేదమ్మా, తెలిసినామె" అని చెప్పి అతన్ని బయటికి తెచ్చాను. వెనకనుంచి కిశోర్ "అన్నా, ఫోటో దిగలేదే!" అంటూనే ఉన్నాడు.

తిరుగు రైల్లో లక్ష్మన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ధర్మవరంలో దిగేముందు "ఆ శ్రీదేవంట, శ్రీదేవి" అన్నాడు.

తర్వాత జరిగింది మరుసటి రోజు అతనే చెప్పాడు. ఇంటికి పోగానే దాచకుండా భార్యకు అంతా చెప్పేశాడట. చెబుతుంటే లోపల కొంచెం సంతోషం కూడా అనిపించిందట, చూడు, వాడికి నువ్వు గుర్తు కూడా లేవు అని. ఉషారాణి పొయ్యి ఆర్పి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇంత దూరం పోతిరా దీనికి? పోయి, మా ఫ్రెండు వాళ్ళమ్మ ముందర అరిస్తిరా?"

"వానికి గుర్తు లేవు నువ్వు."

"లేకపోతే ఏమి? నేను తలుచుకునేది వాణ్ణనుకుంటిరా ఇన్నాళ్ళు? నాకు వాని మొగమే సరిగ్గా గుర్తు లేదు, ఆ ఫోటో చూసేదాకా. నేను తలుచుకునేది నన్ను. ఇరవై ఏండ్లుండె నాకు. ఎవురికీ అన్నం వండే పని లేదు, ఎవురికీ జవాబు చెప్పే పని లేదు. దాన్ని కూడా మీరు పెరికేసుకుంటిరే!"

ఆమె ఏడ్చిందట. అప్పుడు లక్ష్మన్న నోటి నుంచి వచ్చిన మాట అతనికే కొత్తగా అనిపించిందట.

"నాకట్లాంటిది ఒగటీ లేదే, ఉషా."

ఆ 1993 డిసెంబరులోనే అతను చేనిలో, శెనక్కాయలు కోశాక మిగిలిన కట్టెను వామి వేస్తున్నాడు. ఒంటి మీద నాయన పాత ఖాకీ చొక్కా. హోటలంటే కదిరి బస్టాండులో నిలబడి తిన్న పూరీ. కిశోర్ మీద కాదు, ఆమె మీదే తనకు అసూయ అని అప్పుడు తెలిసిందని చెబుతూ నా వైపు చూడలేదు. పట్టాల వైపు చూశాడు.

"ఫ్యాషను ఒగటి కూడా చేయలేదా మీరు?" అని ఆమె కళ్ళు తుడుచుకుని అడిగిందట.

"కదిరి తిరనాళ్ళలో కూలింగు గ్లాసులు కొంటి. రెండు దినాలు పెట్టుకుంటి. మూడో దినం నాయన లాక్కోని ఎద్దుకు పెట్టె."

"ఎద్దుకా?"

"ఊ. కొమ్ములకు దారం కట్టి. 'దీనికి బాగుండాయి' అనె. ఊరంతా వచ్చి చూసిరి."

ఉషారాణి నవ్విందట.

అంతటితో అతనికి నయమైపోయిందని చెప్పలేను. ఆ తర్వాత నిర్మల వస్తే అతనూ వాళ్ళ మధ్యన కూర్చునేవాడు. వినేవాడు. విని మరుసటి రోజు నా దగ్గర ఉడుక్కునేవాడు. 2006లో చుట్టాల పెళ్ళికని బెంగుళూరు పోయినప్పుడు, ఆ క్లబ్బు ఎక్కడో చూపించమని ఉషారాణిని పట్టుకున్నాడు. ఆమెకు సందు గుర్తుకు రాలేదు. వద్దు పోదాం పదండని ఎంత చెప్పినా వినకుండా, పట్టుచీరలో ఉన్న ఆమెను వెంట తిప్పుకుంటూ ఆటోవాళ్ళను, అంగళ్ళవాళ్ళను అడుగుతూ రెండు గంటలు ఎండలో తిరిగాడు. ఆ పేరున్న చోటే లేదన్నారు అందరూ. చివరికి ఇద్దరూ చెరుకురసం తాగి రైలెక్కారు.

"దొరకలేదప్పా" అన్నాడు మరుసటి రోజు, జెండాలు చంకన పెట్టుకుంటూ. మళ్ళీ తనే, "ఆ పొద్దు వాళ్ళకయితే నేరుగా దొరికె" అన్నాడు. ప్యాసింజరుకు లైను ఇవ్వమని పిలుపు వచ్చింది. విసవిసా నడిచి పోయాడు.