మొదటి సూది ఎవరు వేశారని అడిగిన డాక్టరమ్మ

డాక్టర్ అనసూయమ్మ గారు ఇక లేరన్న దుర్వార్త మొన్న గురువారం ఉదయం ఫిల్మ్ నగర్‌లో, సెట్ ముందు నిలబడి ఉండగా ఫోన్‌లో విన్నాను. వెంగళరావు నగర్‌లోని తన రెండు గదుల క్లినిక్‌లో ఒక రోగితో మాట్లాడుతూనే కుర్చీలో ఒరిగిపోయారట. గుండె ఆగిందన్నారు. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌ని. ఏ కబురొచ్చినా ముందు ఏం చేయాలో నాకు వెంటనే తోస్తుంది. ఆ ఉదయం ఏమీ తోచలేదు. కారు పంపాలా, పూలు తెప్పించాలా అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. చెప్పాపెట్టకుండా ఇలా వెళ్లిపోతారా అని ఆమె మీద కోపం కూడా వచ్చింది.

మత్తుకు బానిసలైనవారికి వైద్యం చేయడం ఆమె జీవితవ్రతం. వైద్యం అన్న మాటను కావాలనే నొక్కి రాస్తున్నాను. జూబ్లీహిల్స్ బంగళాల్లో ఆ జబ్బును తలుపులు వేసి దాచేవారు. రహమత్ నగర్ ఇళ్లలో అదే జబ్బుకు పోలీసులు వచ్చేవారు. ఆమె దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకటే బెంచీ. క్లినిక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో ఒక ఇంజనీరు తండ్రి కారు దిగి, "మా వాడికి వేరే గది ఉందా అండీ? ఇక్కడ ఆటోవాళ్లు కూర్చున్నారు" అన్నారు. "ఉన్నది సార్, లోపలి గది. గాడ నేను కూసుంట. మీరు బెంచీ మీద కూసోండ్రి" అన్నారామె. ఆయన కూర్చున్నారు. వారం తిరిగేసరికి పక్కనున్న ఆటో డ్రైవర్‌ని మందు ఎలా పనిచేస్తోందని ఆయనే ఆరా తీస్తున్నారు.

అనసూయమ్మ గారు కరుణామూర్తి అని అందరూ రాస్తారు. నన్నడిగితే ఆమెలో కరుణ కన్నా ముందు కనిపించేది కుతూహలం. రోగి గుమ్మంలోకి రాగానే ఆమె కళ్లు మెరిసేవి. వచ్చినవాడు తిట్లకు సిద్ధపడి వచ్చేవాడు. ఆమె మాత్రం కొత్త ఊరు చూసొచ్చిన మనిషిని అడిగినట్టు అడిగేవారు.

నేను ఆమెను ఎరిగింది యాదగిరి వల్ల. యాదగిరి ఫైటర్. హీరోకు బదులు మేడల మీది నుంచి దూకడం, అద్దాలు పగలగొట్టుకుంటూ పడటం అతని పని. అతని అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. పేరు మారుస్తానంటే, "రోగానికి పేరు మార్చుడెందుకు సార్?" అన్నాడు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, యాదగిరి మా వ్యానులోని మందుల పెట్టె తాళం పగలగొట్టి, నొప్పి ఇంజెక్షన్లు జేబులో వేసుకుంటూ దొరికిపోయాడు. నిర్మాత మండిపడ్డారు. స్టేషన్‌కి ఫోన్ చేసింది నేనే. సాయంత్రం వస్తానన్నారు ఎస్సై. ఈలోగా యాదగిరికి ఒళ్లంతా వణుకు, చెమటలు. మా చేతుల్లో పోతాడేమోనన్న భయంతో ఆటోలో వేసుకుని, ఇలాంటివారిని చూస్తారని విన్న అనసూయమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాను. నా మనసులో దయ ఏ కోశానా లేదు.

"దొంగండీ ఈ యాదగిరి. ఇంజెక్షన్లకు అలవాటు పడ్డాడు. సాయంత్రం పోలీసులకు అప్పగిస్తున్నాం. అందాకా నిలబడేలా ఏదైనా మందివ్వండి" అన్నాను.

ఆమె నావైపు చూడనైనా లేదు. "ఏమయ్యా యాదగిరీ, ఈ సూది ఏసుకుంటే నీకు ఏం మంచైతది?" అని అడిగారు.

యాదగిరి బిత్తరపోయాడు. "మొదట్ల నడుము నొప్పి పోతుండె మేడం. ఇప్పుడు ఏం మంచి లేదు. ఏసుకోకుంటే ఒళ్లంత చీమలు పాకినట్టయితది."

"చీమలా? పైకి పాకుతయా, కిందికా?" అంటూ ఆమె అతను చెప్పిందల్లా రాసుకున్నారు. ఆ ప్రశ్నకు నాకు నవ్వొచ్చింది. తరవాతి ప్రశ్నకు రాలేదు.

"మొదటి సూది ఎవరు ఏసిండ్రు?"

యాదగిరి నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు.

మా పరిశ్రమలో ఒక పద్ధతి ఉంది. ఫైటర్ పడి నడుము పట్టేస్తే షూటింగ్ ఆపం. కాంపౌండర్ చేత నొప్పి ఇంజెక్షన్ వేయించి, టీ తాగించి, రెండో టేక్‌కి పంపుతాం. పెట్టె తాళంచెవి మేనేజర్ జేబులో ఉంటుంది. అదంతా సాయమనే అనుకునేవాళ్లం. యాదగిరి రెండో అంతస్తు నుంచి దూకి లేవలేకపోయిన రోజు ఆ పెట్టె తెరిచింది నేను. ఆ తరవాత ఆ షెడ్యూల్లో ఎన్నిసార్లు తెరిచానో నాకే గుర్తులేదు.

"నేనేనండీ వేయించింది" అన్నాను.

కడిగేస్తారనుకున్నాను. ఆమె కొత్త కాగితం తీసుకున్నారు. "కూసోండ్రి మేనేజర్ సాబ్. ఏ మందు? దినానికెన్ని? షూటింగ్ ఎన్ని దినాలు?" అని నన్నూ అంతే ఆసక్తితో అడిగి రాసుకున్నారు. అరగంట నేనూ రోగినే. చివర కలం మూసి, "ఇగ చెప్పుండ్రి. పెట్టె మీరు తెరిస్తే వైద్యం, ఆయన తెరిస్తే దొంగతనమా?" అన్నారు.

బల్ల మీది ఫోన్‌లో ఎస్సైతో ఆమే మాట్లాడారు. "యాదగిరి యాడికీ పోలేదు సార్. నా బెంచీ మీద ఉన్నడు. జైల్ల ఏస్తే వణుకు పెరుగుతది గని రోగం పోదు. ఫిర్యాదు చేసినాయన మీతోని మాట్లాడుతడట" అని రిసీవర్ నా చేతికిచ్చారు. ఫిర్యాదు వద్దన్నాను. ఆ మాటకు నిర్మాత నన్ను ఆ సినిమా నుంచి తీసేశారు. పశ్చాత్తాపమని గొప్పలు పోను. ఆ గదిలో ఇంకో మాట నోటికి రాలేదు, అంతే.

నయం కావడం మా సినిమాల్లో చూపించినంత సులువు కాదు. రెండేళ్లలో యాదగిరి మూడుసార్లు మళ్లీ సూది పట్టాడు. మూడోసారి నాకు ఒళ్లు మండి, "ఇక ఇతను బాగుపడడండీ, వదిలేయండి" అన్నాను.

"షుగరున్నాయన మైసూర్‌పాక్ తింటే పోలీసోళ్లను పిలుస్తమా సాబ్? తినబుద్ధి ఎందుకైందో జర అడుగుతం" అన్నారు. నిజంగానే గంటన్నర అడిగారు. అదీ చాలక ఒకరోజు షూటింగ్‌కే వచ్చారు. గొడుగు వేసుకుని ఎండలో నిలబడి, "పడ్డంక ఎంతసేపు పండుకోనిస్తరు?" అని యూనిట్లో కనబడినవారినల్లా అడిగారు. పడుకోనిచ్చింది ఎప్పుడు గనుక? పక్కనుంచి హీరో వెళ్తే, "ఈయన ఏం పని చేస్తడు?" అని నన్నడిగారు.

యాదగిరి ఇప్పుడు దూకడం మానేశాడు. దూకేవాళ్లకు తాళ్లు కట్టే పని చేస్తున్నాడు. సూది ముట్టక మూడేళ్లు దాటింది. నేను పనిచేసే యూనిట్లలో ఫైటర్‌కి దెబ్బ తగిలితే ఆ రోజుకు పని ఆపి డాక్టర్ దగ్గరికి పంపుతాం. తోటి మేనేజర్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆమెలో లోపాలు లేవనను. పేర్లు గుర్తుండేవి కావు. నన్ను చివరిదాకా మేనేజర్ సాబ్ అనే పిలిచారు. రోగులకు మాత్రలు వేళకు వేసుకోమని పోరుపెట్టి, తన బీపీ మాత్ర తాను మరిచిపోయేవారు. అందరినీ అన్నీ అడిగిన ఆ మహావైద్యురాలిని మీకెలా ఉందని మేమెవరం సరిగా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

దహన సంస్కారాల దగ్గర, చితి అంటుకున్నాక, యాదగిరి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సార్, కబురు తెలిసినప్పటి సంది మళ్ల సూది యాదికొస్తున్నది. గిట్లయితే మేడంకు ఫోన్ చేస్తుంటి. ఇప్పుడు ఎవలకు చెయ్యాలె?"

ఈ నగరంలో వైద్యులకు కొదవ లేదు. నలుగురి పేర్లు చెప్పాను. అతను నాలుగు పేర్లూ శ్రద్ధగా విన్నాడు.

"ఆళ్లు పోలీసోళ్లకు చెప్పరని ఎట్ల నమ్మాలె సార్?"

ఆమె లేని లోటు తీరనిదని రాయడానికి నాకు ఇంతకన్నా వేరే మాటలు అక్కర్లేదు. అనసూయమ్మ గారికి శిరసు వంచి నమస్కరిస్తూ, దీన్ని చదివే వైద్యులకు ఒక్కటే విన్నవించుకుంటున్నాను. ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలవారు మీలో ఎవరైనా ఉంటే నాకు కబురు చేయండి. యాదగిరి మా ఇంట్లోనే ఉన్నాడు. ఎదురుచూస్తున్నాం.