పేరు చెక్కిన కంచం

మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాలు తోమడం ఇరవై ఆరేళ్లుగా నా పని. ఇప్పుడు నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికే నా కంచం తోమి బోర్లించి ఉంటుంది. కుసుమ చేసేస్తుంది.

కుసుమ మా ఆయన చెల్లెలు. పన్నెండేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో పని. ఆయన పోయారని తెలిసి, పెద్దకర్మ నాటికి రాగలిగింది. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకుంటే, తిన్నగా దొడ్లోకి వెళ్లి అంట్లు ముందేసుకుంది. అన్న కోసం ఒక్క చుక్క రాల్చలేదు. నాకు కోపం వచ్చింది. నెల దాటినా అది పోలేదు.

తినేటప్పుడు కూర్చోదు. పెరటి గుమ్మం దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది. ఫ్రిజ్ తెరవడానికి నన్ను అడుగుతుంది. వెనకనుంచి కుసుమా అని పిలిస్తే రెండోసారికి గాని తిరగదు. అక్కడ తనకంటే ముందు పనిచేసినావిడ పేరు మరియా అట. పిల్లల నోటికి అలవాటైందని ఈమెనూ అలాగే పిలిచారట.

పక్కింటి బుచ్చమ్మగారు ఒకరోజు చూసి, "ఆడపడుచు వచ్చిందన్నారు, పనిమనిషిని పెట్టుకున్నారేంటండీ?" అని నవ్వారు. కుసుమ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

సోమవారం పొద్దున్న అక్కడి మేడమ్ ఫోన్ చేసింది. కుసుమ లేచి నిలబడి, తల వంచుకుని మాట్లాడింది. శనివారానికి టిక్కెట్టు తీస్తారట. వస్తుందో రాదో మధ్యాహ్నం మళ్లీ చేసినప్పుడు చెప్పాలట.

వెళ్లాలనుందా అని అడిగాను.

"తెలీడం లేదు వదినా. ఇన్నేళ్లూ నన్నెవరూ అడగలేదు. అమ్మ పోయిన్నాడు మేడమ్‌గారు, తమ ఇంటికి చుట్టాలొస్తున్నారు, ఏడుపు మొహంతో టీలు పట్టుకురావద్దన్నారు. ఏడుపు ఆపేసేను. ఇప్పుడు రమ్మన్నా రావడం లేదు."

ఆ మాటతో నా కోపం చల్లారి, భయం పట్టుకుంది. ఈసారి వెళితే కుసుమ అనే మనిషి ఇక తిరిగి రాదనిపించింది.

అటక మీంచి కంచం దింపాను. ఆమె మొదటి జీతం పంపినప్పుడు మా ఆయన అమలాపురంలో కొని, అంచు మీద ఆమె పేరు చెక్కించారు. చెల్లి వచ్చాక దాంట్లో తింటుందని ఎవరినీ ముట్టనివ్వలేదు. పీట వేసి, ఆ కంచంలో అన్నం, ఆనపకాయ పులుసు వడ్డించి కూర్చోమన్నాను.

అక్షరాలు వేలితో తడిమింది. "అన్నయ్య చెక్కించేడా?"

"ఆయ్."

అప్పుడే ఫోన్ మోగింది. లేవబోయి, ఒక మోకాలు నేలకు ఆనించి ఆగిపోయింది. ఫోన్ ఆగి, మళ్లీ మొదలైంది. కుసుమ మెల్లగా పీట మీద కూర్చుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ముద్ద మింగకుండానే ఏడుపు వచ్చింది. అన్నయ్యా అంటూ ఏడుస్తూనే తింది. ఫోన్ ఎప్పుడు ఆగిందో ఇద్దరం చూడలేదు.

తర్వాత లేచి, చెయ్యి మాత్రం కడుక్కుని, మా ఆయన పడక్కుర్చీలో కూర్చుంది. ఎంగిలి కంచం పీట ముందే ఉంది. అలవాటు కొద్దీ నేను వంగబోయాను.

"ఉండనీ వదినా," అంది.

సాయంత్రానికి అంచున మెతుకులు ఎండాయి. నేనూ తియ్యలేదు.