అల్లరి ఎక్స్‌రేలో పడుతుందా?

2022. సద్దుల బతుకమ్మ దగ్గరపడుతున్న రోజులు. సిరిసిల్లలోని ఓ చిన్న ఆసుపత్రిలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మధ్యాహ్నాల్లో మా గది వేరే లోకంలా ఉంటుంది. చల్లదనం, మసక వెలుతురు, గోడ అవతల ఎక్కడో మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఉంటే కళ్లు వాటంతటవే మూతపడతాయి.

అలాంటి ఓ మధ్యాహ్నం రేణుక తన ఏడేళ్ల కూతురు అక్షితను తీసుకొచ్చింది. రేణుక మరమగ్గాల షెడ్డులో నూలును కండెలకు చుడుతుంది. పొద్దున స్నానం చేయిస్తుంటే పిల్ల ఎడమ చెయ్యి ముట్టనివ్వలేదట.

"ఏమైందంటే ఏం కాలే అంటది మేడం. కిందవడ్డవా అంటే లే అంటది."

డాక్టరు గారు ముంజేతికి రెండు వ్యూలు రాశారు. వ్యూ అంటే ఒక వైపు నుంచి తీసే చిత్రం. ఒక వైపు నుంచి బాగున్నట్టే ఉన్న ఎముకలో ఇంకో వైపు నుంచి విరుపు బయటపడవచ్చు.

రేణుకను బయట కూర్చోబెట్టి కొలిమేటర్ వేశాను. కిరణాలు ఎక్కడ పడాలో చూపించే దీపం అది. బల్ల మీద పసుపుపచ్చని వెలుగు చిన్న చాపలా పరుచుకుంది. అక్షిత దాన్నే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత మెల్లగా అందులో కుడి చెయ్యి పెట్టింది.

"గీ చెయ్యి కాదు బిడ్డా, గా ఎడమ చెయ్యి."

"గిదే నొస్తంది," అంటూ ఎడమ చెయ్యి గౌను మడతల్లో దాచుకుంది.

తొందరపెట్టకుండా పక్కన కూర్చున్నాను. వెలుగులో వేళ్లాడిస్తూ, నీడలు చూసుకుంటూ చాలాసేపటికి అడిగింది.

"మేడం, గీ ఫోటోల అన్ని కనవడ్తయా?"

"ఎముకలు కనవడ్తయి."

"గోడెక్కింది గూడ కనవడ్తదా?"

"కనవడది బిడ్డా. అమ్మ ఏమన్నది నీతోని?"

"మల్ల గోడెక్కితే బతుకమ్మకు అమ్మమ్మోళ్లింటికి తోల్కపోనన్నది. నన్నొక్కదాన్నే ఇడిసిపెట్టి పోతనన్నది."

చెప్పాక ఎడమ చెయ్యి తెచ్చి వెలుగులో పెట్టింది. తిప్పుతుంటే పెదవి కొరుక్కుంది తప్ప కిక్కురుమనలేదు.

నల్లని తెర మీద లేత ఎముకలు తేలాయి. ఒకటి వంగి, ఒక పక్క చీలి ఉంది. పచ్చికొమ్మను వంచితే పూర్తిగా విరగకుండా చీలుతుంది కదా, పిల్లల ఎముకా అంతే. గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్ అంటాం. ఇంకొన్నాళ్లు ఇలాగే దాచి ఉంటే చెయ్యి వంకరగా అతుక్కునేదని డాక్టరు గారు అన్నారు.

రేణుకకు తెర చూపించి, పిల్ల చెప్పిందంతా చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఉత్తగ బెదిరిచ్చిన మేడం. పొద్దంత నేను షెడ్డుల ఉంట, ఇది ఏడ కిందవడ్తదో అని భయం. దీన్నిడిసి నేనేడ వోత?"

"నిజంగ తోల్కపోతవా?" అక్షిత అడిగింది.

"సంకనెత్తుకోని తోల్కపోత బిడ్డా."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. అప్పటిదాకా అణచుకున్న నొప్పంతా ఒక్కసారే గొంతులోకి వచ్చినట్టు, కారిడార్ అంతా వినబడేలా. రేణుక ఊరుకోమనలేదు. తల నిమురుతూ ఏడవనిచ్చింది.

పిండికట్టుతోనే కోరుట్లలోని అమ్మమ్మగారింటికి వెళ్లారని తర్వాత తెలిసింది.

నొప్పి లేదని పిల్లలు అంటే నమ్మడం ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు పండుగల ముందు ఏ పిల్ల వచ్చినా, దెబ్బ ఎట్లా తగిలిందని కాకుండా, ఇంట్లో ఏమన్నారని ముందు అడుగుతాను.