వాసన రాని లోడు

తొలకరి వాన పడితే మట్టి వాసన వస్తుందని అందరూ మురిసిపోతారు. మా గోదావరిఖనిలో ముందు బూడిద వాసన వస్తుంది, తర్వాత బొగ్గు వాసన, ఆ తర్వాత ఓపిక ఉన్నవాళ్ళకు మట్టి వాసన. ఈ ఉదయం చినుకులు మొదలవగానే వాకిట్లో నిలబడి ఆ మూడోదాని కోసం ఎదురుచూస్తున్నాను. అంతలో వీధి మలుపులో సెప్టిక్ ట్యాంకు బండి ఆగింది. పైపు విప్పారు. పక్కింటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు దఢాలున వేసుకుంది. నేను వేసుకోలేదు. ఆ బండి నాదే. అంతకుముందు అది యాకూబ్ చాచాది. ఆ కంపు తగిలినప్పుడల్లా అత్తరు రాసుకున్న ఆ మనిషే గుర్తుకొస్తాడు. నవ్వుకోండి, పర్వాలేదు.

నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడే నాన్న గని నుంచి రిటైరయ్యాడు. నా డిగ్రీని చూసి నౌకరీలేవీ ఎదురు రాలేదు. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఫోన్లు ఎత్తే పని ఉందంటే వెళ్ళాను. అది ఎలాంటి ఫోనో వెళ్ళాకే తెలిసింది. ట్యాంకులు నిండి పొంగుతున్నవాళ్ళు చేసే ఫోన్లు అవి. కుర్చీలో మల్లెపువ్వులాంటి తెల్ల లాల్చీతో యాకూబ్ చాచా కూర్చుని ఉన్నాడు. ఈ వ్యాపారంలో తెల్లబట్టలేమిటని నాకు నవ్వాగలేదు. ఆయన గమనించాడు.

“మరక పడితే ఎరుక కావాలె గదా బేటీ. నల్లబట్టలేసుకుంటే ఎట్ల ఎరుకైతది?” అన్నాడు.

మా మేనత్త మాత్రం “ఇంత సదువు సదివి పెంట ఆఫీసుల నౌకరి వట్టినవా?” అని నలుగురిలో దెప్పింది. మొదటి జీతంతో నేను తెచ్చిన జిలేబీ అందరికంటే ఎక్కువ తిన్నది కూడా ఆమే.

మా ఊళ్ళో అలాంటి బండ్లు ఇంకా కొన్ని ఉండేవి. వాళ్ళు లోడు ఎత్తి, చూసేవాళ్ళు లేని చోట వాగులో వదిలేసేవాళ్ళు. చాచా ఆ పని చేసేవాడు కాదు. చుట్టుపక్కల రైతులే ఎరువు కోసం అడిగి పోయించుకునేవారు. వాళ్ళ చేనులో కందకం తవ్వి, అందులో పోసి, మట్టి కప్పి, అది మగ్గేదాకా అలా వదిలేయాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళి మట్టి సరిగా కప్పారో లేదో చూసి వచ్చేవాడు. “మన్ను ఇచ్చిందే తింటున్నం. తిన్నది మల్ల మన్నుకే పోవాలె. నడుమ మనం హమాలోళ్ళం, గంతే,” అనేవాడు. అది ఆయనకు నమాజంత నమ్మకం. నేనూ నమ్మాను. కానీ మనుషులు ట్యాంకులోకి పంపేది తిన్నది మాత్రమే కాదు. బాత్రూములు కడిగే యాసిడ్, ఫినాయిలు, గడువు తీరిన మందులు, ప్లాస్టిక్ కవర్లు, చెప్పుకోలేనివి ఇంకెన్నో పైపుకు అడ్డం పడేవి. దవాఖానల ట్యాంకులు ఆయన ముట్టేవాడు కాదు. ఫోన్ చేసినవాళ్ళను “మీ ట్యాంకుల ఏమేం పోస్తున్రు?” అని అడగమని నాకు నేర్పాడు. కొందరు చెప్పేవారు, కొందరు నన్ను బూతులు తిట్టి ఫోన్ పెట్టేసేవారు.

అలా పోయించుకునే రైతుల్లో మల్లక్క ఒకతె. భర్త పోయిన మనిషి. వాళ్ళ భూమిలో చాలామటుకు ఓపెన్‌కాస్ట్ గని కిందికి పోయింది. గనిలోంచి తోడిపోసిన మట్టిగుట్టలకూ, కరెంటు ఫ్యాక్టరీ బూడిద చెరువుకూ మధ్య ఒక ముక్క మెట్ట చెలక మిగిలింది. ఎండాకాలం గాలి లేస్తే ఆ చెలక మీద బూడిద పిండి జల్లించినట్టు పడేది. వాన కురిస్తే అదే పెచ్చులా గట్టిపడి, మొలక పైకి రాలేకపోయేది.

“నా భూమి బూడిద పూసుకున్న జంగమోని లెక్కనే అయింది యాకూబన్నా. ఇంత జీవం పొయ్యరాదే,” అని ఆమె మొదటిసారి షెడ్డుకు వచ్చి అడగడం నాకు గుర్తుంది. చాచా పోశాడు. మరుసటి ఏడు ఆమె మక్కజొన్న మనిషెత్తు లేచింది. ఆ సంతోషానికి మాకు ఒక గంపెడు కంకులు తెచ్చిపెట్టింది.

ఆ తర్వాతి వేసవిలో జరిగింది అసలు సంగతి. బజారులో వరుసగా ఉన్న దుకాణాలన్నిటికీ కలిపి ఒకే ట్యాంకు ఉండేది. డ్రైవరు రాలేదని చాచానే బండి తీశాడు. మబ్బు పట్టింది. వానకు ముందే మల్లక్క చెలకలో పోసేయాలని ఆయన ఆరాటం. చేనులో కందకం తవ్వే తీరిక లేక పల్లంగా ఉన్న మూలలోనే పోసి వచ్చాడు. షెడ్డుకు తిరిగొచ్చి, “ఈ లోడు అసలు వాసనే లేదు బేటీ. పాత ట్యాంకు, మంచిగ మగ్గింది,” అని సంబరంగా చెప్పాడు. నేనూ సంబరపడ్డాను. కంపు లేని రోజు మాకు పండుగే కదా.

ఆ మూలలో మొలకలు వచ్చాయి, పసుపు పచ్చగా మారాయి, మాడిపోయాయి. మళ్ళీ విత్తింది. మళ్ళీ అదే. మల్లక్క విత్తనాల దుకాణం ముందు నిలబడి ఆ షావుకారును నడిబజారులో దులిపేసింది. చాచా కూడా ఆమె పక్షమే. “నకిలీ విత్తనాలమ్ముతున్రు, ఖుదా చూస్తడు,” అని తిట్టాడు.

వానలు తగ్గాక ఆ దుకాణాల నుంచే మళ్ళీ ఫోను వచ్చింది. చాచా వెళ్ళి మూత తీయించాడు. ఈసారీ వాసన లేదు. ఏమనిపించిందో ఏమో, పైపు వేయకుండా దుకాణాల వెనకకు నడిచి వెళ్ళాడట. అక్కడ ఇన్వర్టర్ బ్యాటరీలు విప్పి బాగుచేసే దుకాణం ఉంది. బ్యాటరీలు కడిగిన యాసిడ్ నీళ్ళు, మురుగు కాలువ లేక, నేరుగా ఆ ట్యాంకులోకే పోతున్నాయి. అడిగితే ఆ దుకాణం మనిషి, “మోరీ లేదు గద సాబ్, ఇంకేడికి పోతయ్?” అన్నాడట.

చాచా షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు. నేను ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. “దాంట్ల పురుగు గూడ బతకలే, అందుకే వాసన రాలే. నేను మగ్గిందనుకున్న,” అన్నాడు. లేచి, “పా బేటీ, మల్లక్క కాడికి పోదాం,” అన్నాడు.

“ఎవ్వలకు ఎరుక లేదు గదా చాచా. చెప్తే ఇగ మనల్ని ఎవ్వలు పిలుస్తరు?” అన్నాను.

“ఎవ్వలకు ఎరుక లేదా? నాకు ఎరుకైంది గదా.”

మల్లక్క గట్టు మీద గడ్డి కోస్తోంది. చాచా తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుని అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. ఆమె కొడవలి పక్కన పెట్టి ఆ మూలకేసి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

“షావుకారిని నడిబజార్ల తిట్టిన. ఆయనకేం చెప్పాలె?” అంది.

“నేను చెప్త అక్కా.”

“మరి భూమికేం చెప్తవ్?”

“గనికి వోయింది పోంగ నాకు గిదొక్కటే మిగిలింది యాకూబన్నా,” అంటూ ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

షావుకారుకు చాచా నలుగురి ముందే చెప్పాడు. వ్యవసాయ శాఖలో కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి మట్టిని పరీక్షకు పంపించి, ఫలితం వచ్చాక మాకు ఓపికగా విడమరిచి చెప్పింది. యాసిడ్ పులుపు సున్నంతో విరుగుతుంది, బ్యాటరీల సీసం మాత్రం విరగదు. ఆ మూల పైమట్టి అంతా చెక్కి తీసేయాలి, కొత్త మట్టి నింపాలి, అప్పటిదాకా అక్కడ పండింది తినొద్దు.

చెక్కడం కష్టం కాదు. చెక్కిన మట్టిని ఎక్కడ పోయాలన్నదే సమస్య. నేను తేలిగ్గా, “గా గనిగుట్టల మీద పోస్తే అయిపాయె గదా, ఎవ్వలు చూస్తరు?” అన్నాను.

“గుట్ట మీద వాన వడదా బేటీ? కింద వాగు లేదా?” అన్నాడు చాచా. కొన్ని రోజులు బండి మీద తిరుగుతూ ఖాళీ జాగాలు చూశాడు. ప్రతి జాగా కింద ఎవరిదో ఒక బావి ఉంది, లేదా ఎవరివో మేకలు మేస్తున్నాయి.

చివరికి ఊరి అంచున ఇల్లు కట్టుకోవడానికి కొనుక్కున్న తన సొంత ప్లాటులోనే గొయ్యి తీయించాడు. దానిలో మందపాటి ప్లాస్టిక్ తాడిపత్రి పరిపించి, మల్లక్క చెలకలో చెక్కిన మట్టినంతా తెచ్చి అందులో పోయించి, పైన కప్పించాడు. వంటిల్లు ఎటువైపు, గోరింట చెట్టు ఎక్కడ అని చాచా భార్య రజియా చాచీ లెక్కలు వేసుకున్న ప్లాటు అది. ఆమె షెడ్డుకు వచ్చి నా ముందు ఏడ్చింది. “జిందగీ అంత కిరాయి ఇండ్లల్ల ఉన్న. ఒక్క ఇల్లు అడిగిన బిడ్డా. దాంట్ల విషం తెచ్చి పోసిండు.” నాకు చాచా మీద పట్టరాని కోపం వచ్చింది. మంచితనానికి ఇంట్లో ఆడమనిషి ఎందుకు నష్టపోవాలని ఆయన్ను మొహం మీదే అడిగాను.

“నా తప్పును ఇంకొకల మన్నుల పొయ్యలేను బేటీ. నాకున్నది గా జాగ ఒక్కటే,” అన్నాడు. ఆయన గొంతులో గొప్ప లేదు, దిగులే ఉంది. చాచీ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. కానీ ప్లాటు చుట్టూ ముళ్ళకంచె వేస్తున్న రోజున, తీగ రెండో కొస పట్టుకుని నిలబడింది ఆమే.

ఎండిన చెరువులోంచి ఒండ్రుమట్టి ట్రాక్టర్లతో తోలించి చాచా ఆ మూల నింపాడు. భూమికి సత్తువ కోసం జనుము చల్లించి, పూతకు రాగానే కలియదున్నించాడు. మరో ఏడు మళ్ళీ అదే చేయించాడు. సంగతి తెలిసి రైతులు మమ్మల్ని పిలవడం మానేశారు. అప్పట్నుంచి లోడ్లన్నీ దూరంగా మున్సిపాలిటీ వాళ్ళ ఆరబెట్టే యార్డుకే పోతున్నాయి. రాబడి తగ్గింది. ఆయన లాల్చీలు పాతబడ్డాయి, తెలుపు మాత్రం తగ్గలేదు. మల్లక్క ఆ మూలలో విత్తనం వేయడానికి చాలాకాలం ధైర్యం చేయలేదు. మట్టిని మళ్ళీ పరీక్ష చేయించి, బాగుందని ఆ అమ్మాయి చెప్పాకే వేసింది.

పోయిన చలికాలం చాచా ఛాతీ నొప్పితో దవాఖానలో చేరాడు. తిరిగి రాలేదు. ఇంటి ముందు ఖననానికి జనాజా లేపబోతుండగా మల్లక్క వచ్చింది. నెత్తి మీద బరువైన గుడ్డమూట. మీ దాంట్లో పూడ్చేటప్పుడు అందరూ మట్టి వేస్తారు కదా అని చాచా కొడుకు నయీంను అడిగింది. ఖబర్ గోతిలో ప్రతి ఒక్కరూ మూడు పిడికిళ్ళ మట్టి వేస్తారని వాడు చెప్పాడు. ఆమె మూట విప్పింది. నల్లటి, మెత్తటి మన్ను.

“గా మూలదే బిడ్డా. మీ నాయిన పోసిన మన్నే. పోయినేడు దీంట్ల పండిన జొన్నలు నా మనుమలు తిన్నరు. దీంట్ల ఏం చెడు లేదు. ఆయనకు గిదే వెయ్యుండ్రి.”

నయీం మౌల్వీసాబ్ వైపు చూశాడు. “లేజావ్ బేటా,” అన్నాడాయన మెల్లగా. నయీం ఆ మూట భుజాన వేసుకుని జనాజా వెంట నడిచాడు. మేం ఆడవాళ్ళం గడపలోనే ఉండిపోయాం. చాచీ మల్లక్క చెయ్యి వదలలేదు.

చాచీ, నయీం నాకే అప్పగించడంతో ఇప్పుడు ఆ బండి నా చేతిలో ఉంది. కొన్ని లోడ్లు ఎత్తనని చెప్తాను, తిట్లు పడతాను, కొన్నిసార్లు భయపడతాను కూడా. నేను పోయిన రోజున, నావల్ల నష్టపోయిన మనిషి కూడా తన చెలక మన్ను మూటగట్టుకుని నా వాకిట్లోకి వచ్చేలా బతుకుతున్నానా అని నన్ను నేనే అడుగుతుంటాను. ఇంకా అవునని చెప్పుకోలేకపోతున్నాను.