బోళ్లు తోముతున్న ఫోటో

"బోళ్లు తోముతుంటే ఫోటో ఏందయ్యా? పట్టుచీర కట్టుకున్ననా, పూలు పెట్టుకున్ననా?"

"రోజూ చేసే పని గదనే. రేపు గుర్తుండాలె గద."

"నాకెందుకు గుర్తుండదు? రేపు గూడ నేనే తోముత గద."

"గట్లనే ఉండి జర ఇటు తిరుగు."

"తిరుగ. రీలంత దండుగ చేస్తున్నవ్. నా బిడ్డ చెవులు కుట్టేనాటికి ఒక్కటన్న మిగలనియ్యి."

బోరింగు కాడ కూసున్న నేను తిరగలేదు, మా ఇంటాయన ఆగలేదు. కెమెరా టిక్కుమన్నది. సరిగ్గ అప్పుడే చేతిల ఉన్న పీచు ఆయన మీదికి విసిరిన, అది గూడ ఫోటోల పడ్డది.

ఆ రోజుల్లో ఫోటో అంటే తానం చేసి, పౌడరు రాసుకొని, ఊపిరి బిగబట్టి దిగేది. (మా పెండ్లి ఫోటో ఒక్కటే ఉండె. అంత బిగబట్టినా దాంట్ల నాకు కండ్లు మూతలువడ్డయ్.) ఇప్పుడు మా మనుమరాలు నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఫోన్ల నాలుగు తీస్తది, బాగలేవని నాలుగు తుడిపేస్తది. అప్పట్ల రీలుకు ముప్పై ఆరు, తుడుపుడు లేదు. మేము ఎల్బీనగర్ వెనక గల్లీల ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉంటిమి. మా ఇంటాయన బస్సుల మెకానిక్. ఆయన దోస్తు ఊరికి పోతూ తన కెమెరా మా ఇంట్ల పెట్టిపోయిండు. బిడ్డకు చెవులు కుట్టేది ఉన్నదని రీలు మేము కొన్నం. కొన్నది చెవుల కోసం. ఈయన తీస్తున్నది బోళ్లు, బోరింగు కాడ బిందెల లైను, తీగ మీద ఆరేసిన పొత్తిగుడ్డలు, చీర తొట్టెల, నా చాట, ఆఖరికి ఆయన టిఫిన్ డబ్బా. డబ్బాకు ఫోటో తీసినోణ్ణి నేను ఎక్కడా చూడలే.

నా గుబులు వేరే. నల్లగొండ దిక్కు మా ఊర్ల మా అమ్మ కాలు విరిగి మంచంల ఉండె. నేను కాపురానికొచ్చి మూడేండ్లయినా నా ఇల్లు ఆమె కండ్ల చూడలే. మనుమరాలికి బంగారు పోగులు చేయించి మా తమ్మునితోని పంపింది. "నేనెట్ల రాను బిడ్డా, పోగులు పెట్టుకున్న పిల్లను ఫోటోలన్న చూపియ్యి" అని కబురు. పంపుత అని నేను మాటిచ్చిన.

చెవులు కుట్టిన దినం అన్ని సక్కగనే అయినయ్. మేనమామ ఒళ్లె పిల్లను కూసోవెట్టుకున్నడు, బంగారం పనిచేసే అవుసలాయన తీగ గుచ్చిండు, పిల్ల గల్లీ అంత ఇనొచ్చేటట్టు ఏడ్చింది, మా ఇంటాయన ఒకటెనక ఒకటి తీసిండు. నేను పట్టుచీర కట్టుకున్న, కండ్లు ఇంత పెద్దగ తెరిచిన. పొద్దుమూకంగ పిల్ల ఏడుపు మాని, పోగులు ఊపుకుంట నవ్వవట్టింది. గిది గద అమ్మకు చూపియ్యాల్సింది అని, "ఇంకెన్ని మిగిలినయ్?" అంటి. "ఉంటయ్ తీయ్ ఒకటో రెండో" అనుకుంట చుట్టాలను బస్సెక్కియ్య పోయిండు.

ఉంటయ్ తీయ్ అంటే నాకు సరిపడదు. నూనె ఎంతున్నదో డబ్బా మూత తీసి చూస్త, బియ్యం ఎంతున్నయో మూత తీసి చూస్త. ఇంకొకల మాట మీద నేను ఇల్లు నడిపినదాన్ని కాదు. మూడో తరగతి దాక చదివిన, ముప్పై ఆరు దాక లెక్కపెట్టుడు నాకొచ్చు. కెమెరా వెనక మూత తీసిన. లోపట చాక్లెట్ రంగు పట్టీ చుట్టుకొని ఉన్నది. వెలుతురుకు పట్టి అటు చూసిన, ఇటు చూసిన, ఒక్క బొమ్మ లేదు. బిడ్డ లేదు, తమ్ముడు లేడు, నా పట్టుచీర లేదు. ఈయన ఇన్నొద్దుల సంది ఉత్తగ టిక్కుటిక్కు అనిపిస్తున్నడని మస్తు కోపమొచ్చింది. మూత పెట్టి, ఫోటోలు కడిగిచ్చినంక అడుగుదాం, అప్పుడు దొరుకుతడు అని ఊకున్న.

తమ్ముడు ఫోటోల కోసమే మా ఇంట్ల ఆగిండు. నాలుగో దినం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోకు నేను, మా ఇంటాయన పోయినం. స్టూడియో ఆయన కవరు మా ముంగట పెట్టి, "రీలు ఉండంగ ఎవరో మూత తీసిన్రన్నా. పైన చుట్టుకున్నయన్ని వెలుతురు తగిలి తెల్లగైనయ్. అడుగున ఉన్న మొదటి పదకొండే దక్కినయ్" అన్నడు.

"మా ఇంట్ల ఎవరు తీస్తరు?" అన్నడు మా ఇంటాయన. "ఉండేది నేను, మా ఇంటామె. ఆమె పరాయి వస్తువు ముట్టది. మా దోస్తు కెమెరానే ఖరాబున్నట్టుంది. రేపు ఇచ్చేకాడ అడుగుత వాన్ని."

నేను గోడకున్న పెండ్లి ఫోటోలు చూసుకుంట నిలవడ్డ. అన్నిట్ల పెండ్లిపిల్లల కండ్లు తెరిచే ఉన్నయ్.

ఇంటికొచ్చి చాప మీద పరిచిన. పోగులు లేవు. మొదట తీసినయ్ కాబట్టి బోళ్లు, బిందెలు, పొత్తిగుడ్డలు, తొట్టెల, టిఫిన్ డబ్బా తళతళ ఉన్నయ్. అమ్మకు ఏం మొఖం పెట్టుకొని పంపాలె అని ఏడుపొచ్చింది. ఏడ్సుకుంటనే చెప్పిన. "మూత నేనే తీసిన."

"మరి ఆడ చెప్పకపోతివి?"

"పరాయోని ముంగట చెప్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"రేపు నా దోస్తును తిట్టొస్తే వాని ఇజ్జతో?"

ఆయన ఫోటోలు కుప్ప చేసి, బోళ్లది మీద పెట్టి, "పంపు" అన్నడు.

"మసి మొఖం, జారిన కొప్పు. మా అమ్మ చూసి ఏడుస్తది."

"మూడేండ్ల సంది నువ్వెట్లున్నవో ఆమెకు తెల్వది. పంపు" అన్నడు.

ఆ పదకొండు ఇప్పుడు నా దగ్గర్నే ఉన్నయ్. అమ్మ పోయినంక ఆమె పెట్టెల దొరికినయ్. బోళ్ల ఫోటో మూలలు బాగ అరిగినయ్. వచ్చినోళ్లందరికి అదే చూపించి, "చూడున్రి, నా బిడ్డ ఇంటి ముంగట్నే బోరింగు" అనేదంట. పోగులు ఏవని ఒక్కనాడు అడగలే. మా మనుమరాలు ఆ ఫోటో చూసి, "ఎంత మంచిగున్నవ్ అమ్మమ్మా, పీచు ఎందుకు విసురుతున్నవ్?" అంటది. రీలు దండుగైతున్నదని అంటే దానికి సమజ్ కాదు.

ఇదంత ఎన్నో ఏండ్లకు తెలిసింది. ఆ మర్నాడు పొద్దుగాల జరిగింది ఇంతే. తమ్ముడు పదకొండు ఫోటోలు పేపర్ల చుట్టుకొని మొదటి బస్సెక్కిండు. మా ఇంటాయన దోస్తుకు కెమెరా ఇచ్చొచ్చి, మూత గట్టిగనే ఉన్నదని చెప్పిన అన్నడు. నేను బోళ్లు ముంగటేసుకొని బోరింగు కాడ కూసున్న. కొప్పు సక్కగ ముడుచుకొని, ఎండ మొఖం మీద పడేటట్టు జర ఇటు తిరిగిన. తిరిగినంక యాదికొచ్చింది, కెమెరా లేదని. ఇగ బోళ్లు తోమిన.