మా హైస్కూలుకి అమ్మ రాసిన సెలవు చీటీ

మా చిన్నప్పుడు హైస్కూలుకి నేనొక్కదాన్నే వెళ్ళలేదు... మా అమ్మ కూడా వచ్చేది. ప్రతి మంగళవారం, గురువారం. చీర కుచ్చిళ్ళు స్నో బూట్లలోకి దోపుకుని, పైన నాన్న పాత జాకెట్ వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో.

అరోరా అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కీ ఆ స్కూలుకీ పావుగంట నడక. స్కూలంటే స్కూలు కాదది, ఊరంత ఉండేది. మొదటి నెలంతా నాకు క్లాసులు వెతుక్కోవడంతోనే సరిపోయింది.

అమ్మ ఖమ్మంలో జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. నాన్న ఉద్యోగం కోసం ఈ దేశానికి వచ్చాక, ఆమె వీసా మీద పని చేయడానికి వీల్లేదు. జీతం తీసుకోకుండా స్కూల్లో సాయం చేయొచ్చని తెలిసిన రోజే వెళ్ళి లైబ్రరీలో పేరు ఇచ్చేసింది. పుస్తకాలు మళ్ళీ అరల్లో సర్దే పని.

వాలంటీర్లంటే ఇక్కడ తీరిక దొరికినప్పుడు వచ్చి పోయేవాళ్ళు... అమ్మకి మాత్రం అది ఉద్యోగమే. పది నిమిషాలు ముందే వచ్చేది. ఆఫీసులో పేరు రాసి ఇచ్చే విజిటర్ స్టిక్కర్‌ని పారేయకుండా ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా మీద అంటించేది. డబ్బా చుట్టూ అమ్మ పేరే... నెల తిరక్కుండా లెక్కలు రాని పిల్లలు కొందరు ఆమె బల్ల చుట్టూ చేరారు. చిత్తు కాగితాల వెనక ఆల్జీబ్రా చేసి చూపించేది. ఇంట్లో ఎప్పుడూ చూడని ముఖం ఉండేది అప్పుడు అమ్మకి.

అందరికీ బాగానే ఉంది... నాకు తప్ప.

ఒకరోజు లైబ్రరీలో గోల ఎక్కువైంది. అమ్మ పాత అలవాటు కొద్దీ స్కేలుతో బల్ల మీద టకటకా కొట్టి "సైలెన్స్!" అంది. ఒక్క క్షణం అందరూ గప్‌చుప్... తర్వాత ఒకటే నవ్వులు. ఆ వారమంతా కారిడార్లో లాకర్ల మీద స్కేళ్ళ చప్పుడే, అమ్మ యాసలో "సైలెన్స్!" అని అరుపులే. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆవిడ మా అమ్మ అని వాళ్ళకి తెలియకూడదు కదా మరి. పదిహేనేళ్ళప్పుడు సిగ్గు ఎంత పనైనా చేయిస్తుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం అమ్మకి జ్వరం వచ్చింది. పొద్దున్నే లేచి కూర్చుని, తెల్లకాగితానికి మార్జిన్ గీసి, ఇంగ్లీషులో సెలవు చీటీ రాసింది. గౌరవనీయులైన మేడమ్ గారికి... జ్వరం కారణంగా రాలేకపోతున్నాను, ఒక్కరోజు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన... అని. కింద సంతకం. సంతకం పక్కన ఎమ్మెస్సీ.

"అమ్మా, ఇక్కడ ఎవరూ ఇలా రాయరు. సో ఎంబరాసింగ్! నువ్వు జస్ట్ వాలంటీర్‌వి, వాళ్ళు నీకు పే కూడా చేయరు."

"జీతం లేకుంటే మాత్రం చెప్పకుండ మానేస్తమా? మేడమ్ చేతికే ఇయ్యి. మర్చిపోకు బిడ్డా."

చీటీని నా కాలిక్యులేటర్ కవర్లో దోపేశాను.

లంచ్ టైములో లైబ్రరీ గుమ్మం దగ్గర లైబ్రేరియన్ కనిపించి, మీ అమ్మ రాలేదేమని అడిగింది. వెనక అమ్మ బల్ల దగ్గర ముగ్గురు పిల్లలు నోటుబుక్కులు తెరుచుకుని తలుపు వైపే చూస్తున్నారు. చీటీ తీసి ఇస్తే అయిపోయేది. నేనేమో, అమ్మ ఇంక రాదు, ఇంట్లో పని ఎక్కువైంది అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు... నోట్లోంచి వచ్చేసింది. ఆమె అయ్యో అంది. థాంక్స్ కూడా చెప్పుకోలేదే అంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మకి జ్వరం తగ్గింది. గురువారానికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"వాళ్ళకి ఇంక వాలంటీర్స్ వద్దంట అమ్మా," అన్నాను.

అమ్మ చేయి ఆగిపోయింది. "ఒక్కరోజు సెలవు అడిగినందుకేనా?"

కాదని చెప్పాల్సింది. "ఏమో..." అన్నాను.

"జ్వరమున్నా పోవాల్సి ఉండె," అంది. ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసి, సగం చేసిన చీర మడత పెట్టేసింది. ఫోన్ చేసి అడగడం బాగోదనుకుందో ఏమో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నిజం చెప్పేద్దామని ఆ వారం రోజూ అనుకున్నాను. తర్వాత పరీక్షలు, తర్వాత కాలేజీ అప్లికేషన్లు... నా గ్రాడ్యుయేషన్‌కి వచ్చినప్పుడు కూడా అమ్మ లైబ్రరీ వైపు తిరగలేదు.

కొన్నేళ్ళకి రూల్ మారి అమ్మకి కూడా పనిచేసుకునే పర్మిట్ వచ్చింది. నేనూ నాన్నా ఎంత చెప్పినా వినలేదు. "నాకెందుకిప్పుడు... ఈడ ఒక్కరోజు జ్వరమొస్తే తీసేస్తరు," అని ఆ కార్డు డ్రాయర్లో పెట్టేసింది. ఆ రోజు చాలా ఏడ్చాను... బాత్రూంలో, ఎవరికీ వినపడకుండా. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, ఓపికే లేదు. ఇవాళ ఒళ్ళు కాలిపోతుంటే ఆఫీసుకి రాలేనని మేనేజర్‌కి రెండు ముక్కల మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది, అంతే. సెలవంటే ఇప్పుడు అంతే.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. జ్వరమొచ్చి సెలవు పెట్టానని చెప్పాను. జ్వరం ఎంత ఉందని కూడా అడగలేదు ముందు.

"అడిగినవా? ఒప్పుకున్నరా? ఒక్కరోజే కదా బిడ్డా... ఏమనరు కదా?"

"ఏమీ అనరమ్మా," అన్నాను. ఆ కాలిక్యులేటర్ కవరు నా ఒళ్ళోనే ఉంది. చీటీ మడతల దగ్గర చిరిగిపోతోంది, ఎమ్మెస్సీ మాత్రం ఇంకా బాగానే కనిపిస్తోంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు... ఈసారీ చెప్పలేదు.

అమ్మో నాన్నో మీ చేతికిచ్చి పంపితే, ఇవ్వకుండా దాచేసిన కాగితం మీ దగ్గర కూడా ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... చదివితే నాకు కాస్త ధైర్యం వస్తుందేమో.